బూడిదలో పన్నీరెంత?

బెజవాడ శివార్లలో రోజూ వేల టన్నుల బొగ్గు కాలుతుంది. గుట్టలుగా బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో సెల్‌ఫోన్లకీ కరెంటు స్కూటర్లకీ పనికొచ్చే అరుదైన లోహాలున్నాయట! ఉన్నమాట నిజమే. కానీ ఎంత? ఆ ఒక్క అంకె తేల్చడానికి పెద్ద తతంగమే నడుస్తుంది. ఇబ్రహీంపట్నంలో ఓ గుప్పెడు బొగ్గు పట్టుకుని దాని వెంటే వెళ్తే...

ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం మెట్ల మీద నిలబడితే ఎదురుగా నిండుగా కృష్ణమ్మ. 2015లో పట్టిసీమ నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్లు పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి కృష్ణలో కలిసింది ఇక్కడే. మరుసటి ఏడాది పుష్కరాలకి ఈ ఘాట్‌ జనంతో కిటకిటలాడింది. రెండు నదులూ కలవడం అదే మొదటిసారని అప్పుడందరూ చెప్పుకున్నారు.

కానీ నది నుంచి చూపు కాస్త పక్కకి తిప్పితే ఆకాశంలోకి లేచిన పొడవాటి చిమ్నీలు కనిపిస్తాయి. గోదావరి లోయ, కృష్ణా నీళ్లు అక్కడ దశాబ్దాలుగా కలుస్తూనే ఉన్నాయి. సింగరేణి గనుల్లోంచి వచ్చిన గోదావరి లోయ బొగ్గు ఆ బాయిలర్లలో మండుతుంది. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచిన కృష్ణా నీళ్లు ఆ యంత్రాల్ని చల్లబరుస్తాయి. అదే నార్ల తాతారావు థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం. రాష్ట్ర విద్యుత్‌ బోర్డు ఛైర్మన్‌గా పనిచేసిన తాతారావు పేరు పెట్టి ఇన్నేళ్లయినా చుట్టుపక్కల వాళ్లకి ఇప్పటికీ అది ‘వీటీపీఎస్సే’.

1979లో తొలి యూనిట్‌ మొదలైంది. 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, ఆ తర్వాత 500 మెగావాట్లది ఒకటి, 2023లో 800 మెగావాట్లది మరొకటి... మొత్తం 2,560 మెగావాట్లు. ఒడిశాలోని తాల్చేరు నుంచి రాజమండ్రి, ఏలూరు మీదుగా కొన్ని రైళ్లు, సింగరేణి నుంచి ఖమ్మం, మధిర మీదుగా ఇంకొన్ని రైళ్లు బొగ్గు మోసుకొస్తాయి. కొయ్యబొమ్మలతో దేశమంతా పేరు తెచ్చుకున్న కొండపల్లి, ఆ బొగ్గు రైళ్లు చేరుకునే ఊరు కూడా.

ఒక్కో రైలుకి 58 వ్యాగన్లు ఉంటాయనుకుంటే సుమారు 4 వేల టన్నుల బొగ్గు. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. 100 కిలోలు కాలిస్తే 35, 40 కిలోలు బూడిదే. అంటే ఒక్క రైలు బొగ్గు కాలితే దాదాపు 1,600 టన్నులు మిగులుతుంది. కొంత సిమెంటు ఫ్యాక్టరీలకి పోతుంది. కొంత ఇటుకలవుతుంది. కొంత రోడ్ల కిందా, పల్లపు నేలల్లోనూ కలిసిపోతుంది. మిగతాది నీళ్లలో కలిసి బూడిద చెరువుకి చేరుతుంది.

నిన్నమొన్నటి దాకా ఆ బూడిద ఎప్పుడు వదులుతుందా అన్నదే అందరి ఆలోచన. ఇప్పుడు అదే బూడిద గురించి ఇంకో మాట వినిపిస్తోంది... ‘అందులో నిధి ఉందట’ అని!

కోట్ల ఏళ్లనాటి కొల్లేరు

నిధి సంగతి తెలియాలంటే ముందు బొగ్గు పుట్టుక తెలియాలి. అందుకు ఎక్కడికో పోనక్కర్లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పరుచుకున్న కొల్లేరుని ఒక్కసారి తలచుకుంటే చాలు. చుట్టూ వాగులూ డ్రెయిన్లూ తెచ్చిపోసే నీళ్లు, అడుగున పేరుకునే ఒండ్రు, పైన ఒత్తుగా పెరిగే కిక్కిస, తూడు. సరిగ్గా ఇలాంటి చిత్తడి నేలలే 25 నుంచి 30 కోట్ల సంవత్సరాల క్రితం గోదావరి లోయలో ఉండేవి. అప్పటికి మన దేశం ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా అనే ఒకే మహాఖండంలో భాగం. ఆ చిత్తడిలో చెట్లు పడి, కుళ్లి, మట్టి కింద అణగి, వేడికీ ఒత్తిడికీ బొగ్గయ్యాయి.

1871లో భారత భూగర్భ సర్వే సంస్థకి చెందిన విలియం కింగ్‌ ఇల్లెందు దగ్గర ఆ బొగ్గుని గుర్తించాడు. తర్వాత అక్కడ గనులొచ్చాయి. 1920 నుంచి అది సింగరేణి కాలరీస్‌. ఆ బొగ్గు రాళ్ల వరస ఖమ్మం దగ్గర ఆగిపోలేదు. ఆగ్నేయంగా చింతలపూడి వైపు సాగి డెల్టా ఒండ్రు కిందికి దిగిపోయింది.

అరుదైన లోహాలు అందులోకి ఎలా వచ్చాయి? ఇప్పుడు కృష్ణమ్మ తెలంగాణ, రాయలసీమ రాళ్లని అరగదీసి దివిసీమకి మట్టి మోసుకొచ్చినట్టే, అప్పటి నదులు కూడా పాతకాలపు గ్రానైట్‌ కొండల్ని కోసి ఆ చిత్తడిలో పోశాయి. ఆ మట్టిలో మోనజైట్‌, జిర్కాన్‌ లాంటి ఖనిజాల సన్నటి రేణువులుంటాయి. అరుదైన మూలకాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. కొంత బంకమట్టికి అతుక్కుంటే, కొంత కుళ్లిన ఆకుల్లోని ఆమ్లాలు పట్టి ఉంచాయి. బొగ్గుని మండిస్తే చెట్టు భాగం పొగై పోతుంది. మట్టి భాగం బూడిదై మిగులుతుంది. ఈ మూలకాలు పొగతో పోయే రకం కాదు. బూడిదలోనే ఉండిపోతాయి.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. నార్వేకి చెందిన భూరసాయన శాస్త్రవేత్త విక్టర్‌ గోల్డ్‌స్మిట్‌ 1930ల్లోనే బొగ్గు బూడిదలో అరుదైన మూలకాలున్నాయని చూపించాడు. అప్పట్లో వాటితో పెద్ద అవసరం లేదు కాబట్టి ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

పేరుకే అరుదు

అరుదైన భూ మూలకాలంటే మొత్తం 17. లాంథనం నుంచి లుటీషియం దాకా 15, వాటితోపాటు స్కాండియం, యిట్రియం. నిజానికి ఇవి అంత అరుదేం కాదు. భూమి పైపొరలో సీరియం దాదాపు రాగికి సమానంగా ఉంటుంది. కాకపోతే ఒకచోట కుప్పగా దొరకవు. అన్నిచోట్లా కాస్తకాస్త చల్లినట్టు ఉంటాయి. పైగా 17 మందీ ఒకే పోలికతో ఉన్న అన్నదమ్ముల్లాంటివాళ్లు. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీయడం మహా కష్టం.

వీటితో మనకి పాత పరిచయమే. పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్‌ లైటు వెలిగినన్నాళ్లూ దాని మాంటిల్‌లో థోరియంతో పాటు కొంచెం సీరియం ఉండేది. లైటర్‌లో నిప్పురవ్వ రాల్చే రాయిలోనూ సీరియమే. పాత టీవీ తెర మీద ఎరుపు రంగు యూరోపియం చలవ. ఇప్పుడు స్కూటరు మోటార్లలో, కరెంటు ఆదా చేసే ఫ్యాన్లలో, ఇయర్‌ఫోన్లలో ఉండే బలమైన అయస్కాంతాలకి నియోడిమియం కావాలి. మోటారు వేడెక్కినా అయస్కాంతం బలం తగ్గకుండా ఉండటానికి చిటికెడు డిస్ప్రోషియం కావాలి.

వీటి శుద్ధిలో చైనాదే పైచేయి. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం డిస్ప్రోషియం, టెర్బియం సహా ఏడు మూలకాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టేసరికి మన దేశంలో వాహన కంపెనీలు కూడా ఉలిక్కిపడ్డాయి. అదే ఏడాది జనవరిలో కేంద్రం కీలక ఖనిజాల జాతీయ మిషన్‌ని ఆమోదించింది. నవంబరులో అరుదైన లోహాల అయస్కాంతాల తయారీకి రూ.7,280 కోట్ల పథకం ప్రకటించింది.

ఈ లోహాలు మన ఇంట్లో లేవా అంటే ఉన్నాయి. భీమునిపట్నం లాంటి చోట్ల సముద్రతీరపు నల్ల ఇసుకలో మోనజైట్‌ ఉంది. ఆ ఖనిజం నిల్వల్లో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటిస్థానం. కాకపోతే మోనజైట్‌లో థోరియం కూడా ఉంటుంది. అది అణుధార్మిక పదార్థం కాబట్టి తవ్వకాలకి సవాలక్ష నియమాలు. మరి ఇప్పటికే తవ్వి, కాల్చి, ఊరి పక్కన గుట్టపోసిన బూడిదలోనూ ఇవే లోహాలుంటే? ఆశ పుట్టడం సహజమే. అయితే ఆ ఆశకి ఓ అంకె కావాలి.

మెతుకు పట్టి చూస్తే చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. బొగ్గు విషయంలో ఈ సామెత పనిచేయదు. వ్యాగన్‌లో ఓ మూల తళతళలాడే మంచి బొగ్గు ఉంటే, ఇంకో మూల రాయి కలిసిన బొగ్గు ఉంటుంది. పెళ్ల తీస్తే ఒక లెక్క, పొడి తీస్తే మరో లెక్క.

డెల్టా రైతుకి ఈ ఇబ్బంది విడమరిచి చెప్పక్కర్లేదు. ధాన్యం కొనేవాళ్లు బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీస్తారు. ఎక్కడ గుచ్చారన్నదాన్ని బట్టి తేమ, తాలు లెక్క మారిపోతుంది. రైతు గుండె గుబగుబలాడేది అందుకే. బొగ్గుకీ అంతే. అందుకే భారతీయ ప్రమాణాల సంస్థ దీనికో పద్ధతి పెట్టింది. ఏయే వ్యాగన్ల నుంచి తీయాలి, ఎంత తీయాలి, ఎలా కలపాలి అన్నీ అందులో ఉంటాయి. తీసిన బొగ్గుని నలగ్గొట్టి, రాశిగా పోసి, నెత్తి మీద అణిచి, అప్పడంలా పరిచి నాలుగు పాళ్లు చేస్తారు. ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్లు ఉంచి మిగతా రెండూ పక్కన పెడతారు. మళ్లీ నలగ్గొట్టి, మళ్లీ నాలుగు పాళ్లు. అలా చేస్తూచేస్తూ పోతే వేల టన్నుల రైలు చివరికి ఓ చిన్న సీసాలో పట్టే మెత్తటి పొడి అవుతుంది. ఇక్కడ పొరపాటు జరిగితే ఆ తర్వాత ఎన్ని కోట్ల యంత్రం వాడినా వృథాయే.

థర్మల్‌ కేంద్రాల్లోనూ ప్రయోగశాలలుంటాయి. బొగ్గులో తేమ ఎంత, బూడిద ఎంత, కాలిస్తే ఎంత వేడి ఇస్తుంది... ఇవి చూస్తారు. బొగ్గు గ్రేడు, బిల్లు ఆ వేడిని బట్టే తేలతాయి కాబట్టి. అరుదైన మూలకాలు ఏ బిల్లులోనూ లేవు. వాటి కోసం సీసా ఇంకొంచెం దూరం వెళ్లాలి. విద్యుత్‌ కేంద్రం పక్క నుంచే పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి పడమరగా వెళ్తే హైదరాబాద్‌. అక్కడి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ... ఎన్‌జీఆర్‌ఐ... రాళ్లలో అతి సూక్ష్మంగా ఉన్న మూలకాల్ని కొలవడంలో పేరున్న సంస్థ. అనంతపురం జిల్లా రాళ్లలో అరుదైన మూలకాలున్నాయని 2023లో వెల్లడించిందీ ఈ సంస్థ శాస్త్రవేత్తలే. అక్కడ దశాబ్దాలపాటు ఈ విశ్లేషణలు చేసిన శాస్త్రవేత్త వి.బలరాం 2019లో అరుదైన మూలకాల మీద రాసిన సమీక్షా వ్యాసాన్ని ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు ఉదహరిస్తుంటారు.

బస్తాలో రెండు గింజలు

ఇంతకీ కొలవాల్సింది ఎంత? ప్రపంచంలోని బొగ్గులన్నిటి సగటు చూస్తే టన్నుకి 68 గ్రాములు... 17లో స్కాండియం, ప్రోమిథియం పోను మిగతా 15 మూలకాలూ కలిపి! అందులో మూడో వంతు సీరియమే. నియోడిమియం 12 గ్రాములు. డిస్ప్రోషియం రెండు గ్రాములు. యూరోపియం అయితే అర గ్రాము కూడా ఉండదు. డెల్టా లెక్కలో చెప్పాలంటే... 75 కిలోల సాంబ మసూరి ధాన్యం బస్తాలో దాదాపు 50 లక్షల గింజలుంటాయి. అందులో రెండు మూడు గింజలకి మాత్రమే ఎర్ర రంగు పూసి, కలిపేసి, ‘ఎన్ని ఉన్నాయో చెప్పు’ అంటే ఎలా ఉంటుంది? యూరోపియాన్ని కొలవడమంటే అదే.

ముందు పొడిని కొలిమి లాంటి విద్యుత్‌ పొయ్యిలో గంటలకొద్దీ నిదానంగా కాలుస్తారు. బొగ్గు పోయి బూడిద మిగులుతుంది. అందులోంచి గ్రాములో పదో వంతు తూచి తీసుకుంటారు. యంత్రం బూడిదని అలాగే తినదు. దాన్ని నీళ్లలా కరిగించి ఇవ్వాలి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

బూడిదలో ఎక్కువ భాగం ఇసుక, గాజు లాంటి సిలికా. దాన్ని కరిగించగలిగింది హైడ్రోఫ్లోరిక్‌ ఆమ్లం ఒక్కటే. గాజునే తినేస్తుంది కాబట్టి గాజుపాత్రలు పనికిరావు. టెఫ్లాన్‌ గిన్నెలు వాడాలి. చర్మం మీద పడితే మొదట్లో పెద్దగా మంట కూడా తెలియకుండానే లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. అందుకే చేతులకి మందపాటి తొడుగులు, ముఖానికి కవచం, విషవాయువుల్ని లాగేసే గూడు, పక్కనే కాల్షియం గ్లూకోనేట్‌ మందు... ఇవన్నీ ఉంటేగానీ ఆ సీసా మూత తీయరు.

అంత ప్రమాదకరమైన ఆమ్లమూ ఓ మోసం చేస్తుంది. సిలికాని కరిగిస్తూనే అరుదైన మూలకాలతో కలిసి కరగని ఫ్లోరైడ్లుగా మారి గిన్నె అడుగున కూర్చుంటుంది. చూడ్డానికి ద్రావణం తేటగానే ఉంటుంది. ఆ తేటనే యంత్రానికిస్తే ‘ఏమీ లేదు’ అంటుంది. అందుకే తర్వాత ఆ ఆమ్లాన్ని పూర్తిగా ఆవిరి చేయడమో, బోరిక్‌ ఆమ్లం కలిపి అడుగున పడ్డవాటిని మళ్లీ పైకి తేవడమో చేయాలి. ఇక జిర్కాన్‌ రేణువులు మరీ మొండివి. ఆమ్లాలకి లొంగవు. వాటికోసం బూడిదని లిథియం మెటాబోరేట్‌ అనే ఉప్పుతో కలిపి దాదాపు వెయ్యి డిగ్రీల దగ్గర కరిగించి ముద్ద చేసి, ఆ ముద్దని ఆమ్లంలో వేస్తారు. ఖరీదైన భార మూలకాల్లో కొంత దాగేది ఇలాంటి మొండి రేణువుల్లోనే. ఆ రెండో పని చేయకపోతే వాటి అంకె తక్కువొస్తుంది. అవి బూడిదలో లేక కాదు, గిన్నెలో కరగక!

సూర్యుడి కన్నా వేడి

కరిగిన ద్రావణాన్ని ఐసీపీ-ఎంఎస్‌ అనే యంత్రం దగ్గరికి తీసుకెళ్తారు. చూడ్డానికి ఓ పెద్ద ఫొటోకాపీ యంత్రంలా ఉంటుంది. లోపల మాత్రం ఆర్గాన్‌ వాయువుతో పుట్టించిన ప్లాస్మా జ్వాల. దాని వేడి 6 వేల నుంచి 10 వేల డిగ్రీలు... సూర్యుడి ఉపరితలం కన్నా ఎక్కువ! సన్నటి తుంపరగా లోపలికి వెళ్లిన ద్రావణంలో అణువులన్నీ విడిపోయి విద్యుదావేశంతో బయటికొస్తాయి. వాటిని బరువును బట్టి వరసగా వేరుచేసి ఒక్కొక్కటీ లెక్కపెడుతుంది యంత్రం. వంద కోట్ల పాళ్లలో ఒక్క పాలు ఉన్నా పట్టేస్తుంది.

అలాంటి యంత్రం కూడా పొరపడుతుంది. దానికి బరువే తెలుసు, మనిషి తెలీదు. ఒకే బరువున్న ఇద్దరు వస్తే ఎవరెవరో చెప్పలేదు. బొగ్గులో బేరియం అనే మూలకం యూరోపియం కన్నా దాదాపు 300 రెట్లు ఎక్కువ. ఆ వేడిలో బేరియంలో కొద్దిపాటి భాగం ఆక్సిజన్‌తో జతకడుతుంది. బేరియం 135, ఆక్సిజన్‌ 16... కలిస్తే 151. సరిగ్గా యూరోపియం బరువు! జతకట్టింది వెయ్యిలో అయిదు పాళ్లే అయినా, ఉన్న యూరోపియమే తక్కువ కాబట్టి అంకె ఐదో వంతు దాకా పెరిగి కనిపించవచ్చు. యూరోపియానికి ఇంకో బరువుంది కదా అని 153 దగ్గర చూస్తే అక్కడా బేరియం ఇంకో వేషంలో సిద్ధం. విషయం తెలియనివాడు ఎగిరి గంతేస్తాడు. తెలిసినవాడు బేరియం ద్రావణం ఒక్కటే యంత్రంలో పెట్టి, ఎంత దొంగ యూరోపియం కనిపిస్తోందో చూసి, దాన్ని తీసేస్తాడు.

అంతటితోనూ అయిపోదు. ప్రతిసారీ బూడిదలేని ఉత్త ఆమ్లాన్ని కూడా అదే పద్ధతిలో నడిపిస్తారు. గిన్నెలోనో నీళ్లలోనో మురికి ఉంటే బయటపడుతుంది. మరో గిన్నెలో అమెరికా ప్రమాణాల సంస్థ అమ్మే బొగ్గు పొడో, బూడిదో వేస్తారు. అందులో ఏది ఎంతుందో ముందే కొలిచి పెట్టిన నమూనా అది. తెలిసిన జవాబు సరిగ్గా వస్తేనే తెలియని జవాబుని నమ్ముతారు.

చివరగా ప్రకృతే ఇచ్చిన ఓ పరీక్ష ఉంది. ఈ మూలకాల్ని వరసగా పేర్చితే సరిసంఖ్య ఉన్నవి ఎక్కువగానూ, పక్కనే ఉన్న బేసిసంఖ్యవి తక్కువగానూ ఉంటాయి. గీత గీస్తే రంపం పళ్లలా పైకీ కిందకీ వస్తుంది. భూమ్మీద ఏ రాయి తీసుకున్నా ఇదే తీరు. ప్రయోగశాల ఇచ్చిన అంకెలతో గీత గీసినప్పుడు ఆ రంపంలో ఓ పన్ను అడ్డంగా మొలిచిందంటే అరుదైన గని దొరికినట్టు కాదు. ముందు మన లెక్కే తప్పేమో చూసుకోవాలి.

అంకె వచ్చాక...

సరే, అన్ని గండాలూ దాటి నమ్మకమైన అంకె వచ్చింది. తర్వాత? ప్రపంచ బొగ్గు బూడిదల సగటు టన్నుకి 400 గ్రాములు. లాభసాటిగా తీయాలంటే బూడిదలో ఈ మూలకాల ఆక్సైడ్లు టన్నుకి కిలో అయినా ఉండాలని 2012లో రష్యా శాస్త్రవేత్త సెరెడిన్‌, చైనా శాస్త్రవేత్త షిఫెంగ్‌ డాయ్‌ ఓ గీత గీశారు. సగటు బూడిద ఆ గీతకి సగం దూరంలోనే ఆగిపోతుంది. మన గోండ్వానా బొగ్గు బూడిదలో మామూలు మట్టి, ఇసుక పాళ్లు ఎక్కువ కాబట్టి ప్రపంచ సగటు ఇక్కడ కూడా ఉంటుందని ధీమాగా అనుకోవడానికి లేదు. ఒక పొర బొగ్గులో ఉన్నంత పక్క పొరలో ఉండదు. తాల్చేరు బొగ్గు వేరు, సింగరేణి బొగ్గు వేరు. ఏ బూడిదకి ఆ బూడిదనే కొలవాలి.

లెక్క ఇంకోలా చూస్తే ఆశ పుడుతుంది. ప్రపంచ సగటు ప్రకారమే అనుకున్నా 4 వేల టన్నుల ఒక్క రైలులో 270 కిలోల అరుదైన మూలకాలుంటాయి. అందులో నియోడిమియం దాదాపు 48 కిలోలు. ఒక్క రైలుకే ఇంత! కానీ అదంతా 1,600 టన్నుల బూడిదలో చెల్లాచెదురుగా ఉంది. అదీ ఊరికే కలిసి లేదు. బాయిలర్‌ మంటలో మట్టి కరిగి సన్నటి గాజు గోళీలుగా మారితే, వాటి లోపల చిక్కుకుని ఉంది. గాజు పగలాలంటే మళ్లీ ఆమ్లాలు. ఆ ఆమ్లాల మురుగు మళ్లీ ఎక్కడికి? కృష్ణ ఒడ్డున అడగాల్సిన ప్రశ్నే ఇది. అమెరికాలో రైస్‌ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో బూడిదని విద్యుత్తుతో ఒక్క క్షణం భగ్గున వేడిచేసి ఆ గాజుని పగలగొట్టొచ్చని, అప్పుడు తక్కువ ఆమ్లంతో పని జరుగుతుందని చూపించారు. అలాంటివి ప్రయోగశాల దాటి ఫ్యాక్టరీ దాకా రావాలి.

ఈలోగా బూడిద ఆగదు. థర్మల్‌ కేంద్రాలు బూడిదనంతా ఏదో ఒక పనికి వాడి తీరాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరులో నిబంధన పెట్టింది. దాంతో బూడిద లారీలు తిరుగుతూనే ఉంటాయి. ఆ బూడిదని నమ్ముకుని ఇటుకల బట్టీ అవసరం లేని ఇటుకలు చేసేవాళ్లున్నారు, కూలీలున్నారు, లారీలవాళ్లున్నారు. రేపెవరైనా ‘ఇది బూడిద కాదు, ఖనిజం’ అంటే వాళ్ల బతుకు లెక్క మారిపోతుంది. అలాగని ఓసారి సిమెంటులోనో రోడ్డు కిందో కలిశాక అందులోంచి చిటికెడు డిస్ప్రోషియాన్ని కూడా వెనక్కి తీయలేం. అందుకే కొలత ముందు జరగాలి. అంకె పెద్దదైతే ఆ బూడిదని విడిగా దాచొచ్చు. చిన్నదైతే ఆశలు పెట్టుకోకుండా ఇటుకలకి పంపొచ్చు.

ఇంకో సంగతి. ఆ యంత్రం అరుదైన మూలకాల్ని మాత్రమే చూడదు. బూడిదని సరిగ్గా కరిగించి ఇస్తే సీసం, క్రోమియం, థోరియం, యురేనియం ఎంతున్నాయో అదే ద్రావణంలో చూసి చెబుతుంది. కాల్చకుండా బొగ్గు పొడిని మూతబిగించిన గిన్నెలో కరిగిస్తే వేడికి తప్పించుకునే ఆర్సెనిక్‌నీ పట్టేస్తుంది. గాలి తోలినప్పుడు పెరట్లో ఆరేసిన బట్టల మీదా, గిన్నెల మీదా బూడిద పడే ఇళ్లవాళ్లకి నియోడిమియం ధర కన్నా ఈ అంకెలే ముఖ్యం. బోరింగు నీళ్లు తాగొచ్చో లేదో తెలియాలంటే ఈ కొలతే కావాలి. నిధి కోసం బూడిదని కొలిచేవాళ్లు ఆ పక్క గడిలో ఉన్న విషం అంకె కూడా చదివి ఊరివాళ్లకి చెబితే, నిధి దొరికినా దొరక్కపోయినా ఆ కష్టం వృథా కాదు.

సంగమం దగ్గర సాయంత్రమవుతుంది. మెట్ల మీద పిల్లలు నీళ్లలో కాళ్లాడిస్తుంటారు. దూరంగా కొండపల్లి వైపు ఇంకో బొగ్గు రైలు కూత వేస్తుంది. ఎందుకూ కొరగాని శ్రమని మన పెద్దలు ‘బూడిదలో పోసిన పన్నీరు’ అన్నారు. ఇక్కడ బూడిదా ఉంది, అందులో కాస్తో కూస్తో పన్నీరూ ఉంది. అది ఎంతన్నది మాత్రం నోటిమాటతో తేలేది కాదు. ఓపిగ్గా నాలుగు పాళ్లు చేసి, కాల్చి, కరిగించి, దొంగ లెక్కలు తీసేసి తూచిన వాళ్లే చెప్పాలి.